నీటి అడుగున మన నేల

విశాఖ తీరానికి ఆవల, మునిగిన ఓడల నడుమ, మంచుయుగం నాటి తీరభూమి ఒకటి అణగి ఉన్నది. దానిని తాకకుండానే చూడగల విద్య నేడు మానవుని చేతికి వచ్చినది.

బిలాస్‌పూర్ జంక్షన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి సముద్రాన్ని గురించి ప్రసంగిస్తే వినేవారికి నవ్వు రావడం సహజం. బొగ్గు బండ్లు ఎడతెరిపి లేకుండా సాగిపోయే ఊరు ఇది. ఇక్కడి రైల్వే కాలనీలలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు సముద్రాన్ని చూడాలంటే కోర్బా నుండి విశాఖపట్నం పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణం చేయవలసిందే. అయినప్పటికీ ఈ ఊరు సముద్రానికి పరాయిది కాదు. చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలకు ఆహారమవుతున్న సున్నపురాయి, నూరు కోట్ల సంవత్సరాలకు పూర్వం ఒక లోతులేని సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొన్నదే.

అది మరీ పాతకథ అనుకొనేవారు అనూప్‌పూర్ వద్ద బండి మారి, చిరిమిరి శాఖా మార్గంలో మనేంద్రగఢ్ దాకా వెళ్ళి రావచ్చును. అక్కడ హస్‌దేవ్ నది ఒడ్డున రాళ్ళలో సముద్రపు ఆల్చిప్పలు అచ్చుగుద్దినట్లు కనబడతాయి. యూరిడెస్మా, అవిక్యులోపెక్టెన్ అని శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన ఈ ప్రాణులు సుమారు 28 కోట్ల సంవత్సరాల క్రిందట చల్లని ఉప్పునీటిలో జీవించినవి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ స్థలాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించినది. నడిదేశపు అడవులలోకి సముద్రం ఎలా వచ్చినది? ఆ కాలంలో భారతదేశం దక్షిణ ధ్రువానికి చేరువలో, గోండ్వానా మహాఖండంలో భాగంగా ఉండేది. భూమిని కప్పిన మంచు కరగగా సముద్రమట్టం పెరిగి, పల్లపు ప్రాంతాలలోనికి ఉప్పునీరు చొరబడినది. హస్‌దేవ్ ఒడ్డు ఆల్చిప్పలు ఆ నీటి వెంట వచ్చినవే.

మంచు కరిగితే నీరు పైకి వస్తుంది, మంచు గడ్డకడితే నీరు వెనుకకు పోతుంది. ఈ చిన్న సూత్రమే మనుష్యులు భూమి మీద తిరుగుతున్న కాలంలోనూ పనిచేసినది. సుమారు 20,000 సంవత్సరాల క్రిందట, కడపటి మంచుయుగం ముమ్మరంగా ఉన్న రోజులలో, సముద్రమట్టం నేటి కంటె దాదాపు 120 మీటర్లు క్రిందికి దిగి ఉండేది. నేడు విశాఖ బీచిలో నిలబడి తూర్పునకు చూచేవానికి నీళ్ళే తప్ప మరేమీ కనబడవు. ఆనాడు అక్కడ నిలబడినవానికి, కెరటాల చప్పుడు వినబడనంత దూరం వరకు నేల కనబడి ఉండాలి. ఆ నేల మీద గడ్డి, చెట్లు, వాగులు, వాటి దగ్గరకు నీటికై వచ్చే జంతువులు, జంతువుల వెంట వేటగాండ్రు ఉండి ఉంటారని ఊహించడం తప్పు కాదు. భూగోళ గ్రంథాలు ఖండతీరపు అంచు అని పిలిచే ఈ భాగాన్ని మనం అరుగు అనుకొంటే సులువుగా ఉంటుంది. ఇంటి ముందు అరుగు వంటిదే. ప్రస్తుతం దాని మీద నీరు నిలిచి ఉన్నది, అంతే తేడా.

ఈ మాటకు సాక్ష్యం ఒకటి ఒడ్డునే ఉన్నది. విశాఖపట్నానికీ భీమునిపట్నానికీ నడుమ ఎర్రమట్టి దిబ్బలను చూడనివారు తెలుగుదేశంలో అరుదు. కనీసం సినిమాలలోనైనా చూచి ఉంటారు. సముద్రం వెనుకకు పోయిన రోజులలో బయటపడిన అరుగు మీది ఇసుకను గాలులు ఎత్తి తెచ్చి పోయగా, ఆ ఇసుకలోని ఇనుము కాలక్రమాన తుప్పు రంగు తేలగా ఈ దిబ్బలు రూపొందినవని భూవిజ్ఞానులు వివరిస్తారు. ఆదిమానవుల రాతి పనిముట్లు కూడా ఈ దిబ్బలలో దొరికినవి. ఆ పనిముట్లు చేసినవారి సంచారం దిబ్బల అంచున ఆగిపోయి ఉంటుందా? వారు నడిచిన నేలలో పెద్ద భాగం ఇప్పుడు చేపల పాలైనది. మిగిలిన ఈ కొద్ది దిబ్బలనైనా ఇండ్ల స్థలాల కోసం చదును చేయకుండా కాపాడుకోవడానికి మనం నేటికీ పెనుగులాడుతున్నామంటే మెచ్చుకోదగిన విషయం కాదు.

సరే, నీటి క్రింది నేలను చూడడమెలా? వెలుతురు సముద్రంలో ఎంతో దూరం పోదు. మన తీరంలో నదులు మోసుకువచ్చే మట్టి వల్ల మరీ పోదు. పూర్వపు నావికులు సీసపు గుండును తాడుకు కట్టి దించి లోతు కొలిచేవారు. గుండు అడుగుభాగాన చిన్న గుంట చేసి అందులో కొవ్వు మెత్తేవారు. పైకి లాగినప్పుడు కొవ్వుకు అంటుకొన్న ఇసుకో, బురదో, గవ్వపొడియో చూచి తామెక్కడ ఉన్నామో చెప్పగలిగేవారట! ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క చుక్క. రెండు చుక్కల నడుమ ఏమున్నదో దేవునికే ఎరుక.

శబ్దం ఈ చిక్కును విడదీసినది. ఉప్పునీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో పోతుంది. ఓడ అడుగు నుండి పంపిన కూత నేలను తాకి సెకనులో పదవ వంతు కాలంలో తిరిగివస్తే అక్కడి లోతు 75 మీటర్లన్నమాట. ఈనాటి సర్వే ఓడ ఒక్క కూతతో తృప్తిపడదు. విసనకర్ర విప్పినట్లు వందలకొలది శబ్దకిరణాలను ఒకేసారి ప్రక్కలకు పరచి, పొలం దున్నే రైతువలె వరుస వెంట వరుసగా సాగిపోతూ, అడుగు నేల ఎత్తుపల్లాలన్నిటిని పటంగా గీస్తుంది. ఓడ వెనుక తాడుకు కట్టి లాగే మరొక పరికరం, ఏటవాలుగా శబ్దాన్ని పంపి నీడలను చిత్రిస్తుంది. సాయంకాలపు ఎండలో చిన్న రాయికి సైతం పొడుగాటి నీడ పడుతుంది కదా, ఆ విధంగానే మునిగిన ఓడ స్తంభం, లంగరు, చివరకు వలలు లాగిన చారలు సైతం ఈ శబ్దపు నీడలలో తేటతెల్లమవుతాయి. ఇంకొక రకం మంద్రమైన శబ్దం బురదలోనికే దిగి, దాని క్రింద పూడుకుపోయిన పాత నదీమార్గాలను బయటపెడుతుంది. అయస్కాంత మాపకం ఇనుమున్న చోటును పసిగడుతుంది. ఇవన్నీ అయిన తరువాతనే గొట్టం దించి మట్టి కడ్డీని పైకి తీయడం, అందులోని పుప్పొడిని, గవ్వలను, కుళ్ళిన ఆకులను పరీక్షించి అది ఏ కాలపు నేలయో తేల్చడం జరుగుతుంది.

ఈ విద్యకు తెలుగునాట పునాది పడినది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. 1950 దశకంలో అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ వాల్తేరుకు రాగా, భూవిజ్ఞానశాఖకు చెందిన ఆచార్య సి. మహదేవన్‌తో కలిసి మన తీరపు లోతులను శోధించారు. అరుగు అంచున, నేల ఒక్కసారిగా అగాధంలోకి జారే చోట, పెద్ద లోయలు వారికి అగుపడినవి. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అనే పేర్లు పెట్టారు. ఒడ్డున ఏ వీధికో, కూడలికో ఆచార్యుల పేరు పెట్టడం మనం ఎరుగుదుము. సముద్రగర్భపు లోయకు పేరైన తెలుగునాటి ఆచార్యుని పేరు మాత్రం మన పాఠ్యపుస్తకాలలో కానరాదు. విశాఖ వద్ద అరుగు బయటి భాగంలో, లోతులేని నీటిలో మాత్రమే ఏర్పడే సున్నపు గుళికలతో కూడిన ఇసుక తరువాతి పరిశోధకులకు దొరికినది. నేడు అంత లోతున ఉన్న ఇసుక ఒకప్పుడు ఒడ్డుకు చేరువలో ఉన్నదనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

ఈ అరుగు మీదనే ఓడల శిథిలాలూ పడి ఉన్నవి. ఓడ మునగడమన్నది మన తీరానికి కొత్త కాదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఇందుకు సాక్షి. తుపానుకు చిక్కి ఒడ్డున పడిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారనీ, ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల సొత్తును తాను ముట్టక, న్యాయమైన సుంకం మాత్రమే గ్రహిస్తాననీ ఆయన హామీ ఇచ్చినాడు. మునిగినవాని సొమ్ము ఎవరిదన్న ప్రశ్న అంత పాతది.

విశాఖ రేవులో కావాలని ముంచిన ఓడలు కూడా ఉన్నవి. 1933లో రేవు తెరిచిన ఆ తొలి సంవత్సరాలలో, ప్రవేశమార్గంలో ఇసుక మేట వేయకుండా జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత నౌకలను రాళ్ళతో నింపి అడ్డుకట్టగా ముంచారు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజం ఎగుమతికై రాయపూర్ నుండి విజయనగరానికి 1931లో పూర్తయిన రైలుమార్గానికి గమ్యం ఈ రేవే. మన కోర్బా బండి నేటికీ పోయేది ఆ దారినే.

యుద్ధం ముంచినవి వేరు. 1944 ఫిబ్రవరి 11న ఆర్.ఓ.-110 అనే జపాను జలాంతర్గామి విశాఖకు సమీపంలో ఆస్ఫాలియన్ అనే వాణిజ్యనౌకను టార్పెడోతో కొట్టినది. వెంటనే కాపలా ఓడలైన జమ్నా, ఇప్స్‌విచ్, లాన్సెస్టన్ దానిని వెంటాడి ముంచివేశాయి. అందులోనివారు ఒక్కరూ దక్కలేదు. ఇరవై ఏడేండ్లు గడిచిన తరువాత, 1971 డిసెంబరు 3–4 తేదీల నడిరేయి, విక్రాంత్‌ను వేటాడవచ్చిన పాకిస్తాను జలాంతర్గామి గాజీ ఇక్కడనే మునిగినది. అందులోని 93 మందీ మరణించారు. 1944లో అమెరికాలో డయాబ్లో అనే పేరుతో జలప్రవేశం చేసిన నౌక అది. రాజ్‌పుత్ నౌక జారవిడిచిన పేలుడు గుండ్ల వల్ల మునిగినదని మనవారు, ప్రమాదవశాత్తు పేలిపోయినదని పాకిస్తానువారు చెబుతూ వచ్చారు. ఈ కథనే 2017లో వచ్చిన 'ఘాజీ' చలనచిత్రం ఇంటింటికీ చేర్చినది.

2024 ఫిబ్రవరిలో భారత నౌకాదళం, ఆపదలో ఉన్న జలాంతర్గాముల సిబ్బందిని కాపాడేందుకు ఉద్దేశించిన తన రక్షక వాహనంతో గాజీ శిథిలాన్ని గుర్తించినది. జపాను జలాంతర్గామి కూడా కనబడినది. శత్రువులదైనా అది నావికుల సమాధి. కనుక గాజీని ముట్టకుండా విడిచిపెట్టారు. నన్ను అడిగితే, యుద్ధ విజయం కంటె ఈ ఒక్క నిర్ణయమే ఎక్కువ గౌరవప్రదమైనది. మునిగిన సంపదను ఉన్నచోటనే ఉంచి కాపాడడం మొదటి మార్గం కావాలని 2001 నాటి యునెస్కో ఒడంబడిక కూడా చెబుతున్నది.

ముట్టకపోయినా అక్కడ జీవితం ఆగదు. మన తీరపు అడుగు చాలవరకు బురద, ఇసుక. గట్టిగా అంటిపెట్టుకోవడానికి చోటు కోసం వెదకే ప్రాణులకు ఇనుప ఓడ ఒక వరం. మొదట కంటికి కనబడని నాచు, తరువాత ఆల్చిప్పలు, స్పంజికలు, పూలవలె విచ్చుకొనే సముద్రపు అనిమోనులు, వాటిని తినవచ్చే చిన్న చేపలు, చిన్నవాటికై సందులలో పొంచి ఉండే పెద్ద చేపలు. కొంత కాలానికి శిథిలమే ఒక ఊరవుతుంది. మత్స్యకారులకు ఇటువంటి చోట్లు బాగా తెలుసు. ఒడ్డున ఒక కొండనూ ఒక గోపురాన్నీ ఒకే వరుసలోకి తెచ్చుకొని, మరొక జత గుర్తులతో సరిచూచుకొని, ఏ పటమూ లేకుండా అక్కడకు తెప్పను చేర్చగలరు. గాలం వేసేవానికి అది గని. అడుగును ఈడ్చుకుంటూ పోయే ట్రాలర్ వలకు అది ఉరి. చిక్కుకొంటే వల చిరుగుతుంది, చిక్కుకోకపోతే అడుగున పెరిగినదంతా చితికిపోతుంది. వల పోయిన చారల క్రింద పాత నేల పైపొర కూడా పోతున్నదన్న సంగతి ఎవరి లెక్కలోనూ లేదు.

తొందరపడి తాకితే ఏమవుతుందో ఖంభాత్ సింధుశాఖ కథ చెబుతుంది. 2001లో అక్కడ సోనార్ చిత్రాలలో సరళరేఖల వంటి ఆకారాలు కనబడగా, అడుగును గోకి పైకి తీసిన వస్తువులలో ఒక కొయ్యముక్క సుమారు 9,500 ఏండ్ల నాటిదని తేలినది. మునిగిన మహానగరం దొరికినదని పత్రికలు ఘోషించాయి. కాని అక్కడి ఆటుపోట్ల వడి అంతా ఇంతా కాదు. కొయ్య ఎక్కడిదో, దాని ప్రక్కన దొరికిన రాయి ఏ కాలపుదో, గోకి తీసిన గంపలో తెలిసేదెట్లా? పొర చెదిరితే సాక్ష్యం చెదిరినట్లే.

ఇందుకు భిన్నంగా ఉత్తర సముద్రంలో జరిగినది చూడండి. 1931లో కొలిండా అనే ఇంగ్లీషు ట్రాలర్ వలలో పడిన మట్టిగడ్డను పగులగొట్టగా, దుప్పికొమ్ముతో చేసిన ముళ్ళ ఈటెమొన ఒకటి బయటపడినది. నడిసముద్రంలో వేటగాని ఆయుధమా అని అందరూ విస్తుపోయారు. బ్రిటనుకూ ఐరోపాకూ నడుమ ఒకప్పుడు నేల ఉండేదనడానికి అది గుర్తు. ఆ నేలకు డాగర్‌లాండ్ అని పేరు. దాని నదులను, సరస్సులను, కొండలను ఆచార్య విన్సెంట్ గాఫ్నీ బృందం పటంగా గీసినది. గునపం వేయలేదు, గంప దించలేదు. చమురు, సహజవాయువుల కోసం కంపెనీలు ఏనాడో సేకరించి దాచుకొన్న భూకంపతరంగాల సమాచారాన్ని అడిగి తెచ్చుకొని, కంపెనీలకు అక్కరలేని పైపొరలను శ్రద్ధగా చదివారు. మట్టి తీయడమన్నది, ఎక్కడ తీయాలో తెలిసిన తరువాతి పని.

ప్రపంచపు సముద్రగర్భంలో ఆధునిక పద్ధతులలో కొలిచి పటం గీసినది నేటికి సుమారు నాలుగవ వంతు మాత్రమే. మన దేశంలో సముద్రపటాలు తయారయ్యే కార్యాలయం డెహ్రాడూన్‌లో, హిమాలయాల పాదాల వద్ద ఉన్నది. బిలాస్‌పూర్‌లో కూర్చుని సముద్రాన్ని తలచుకొనేవారికి ఇది కొంత ధైర్యమిచ్చే సంగతి! సంధాయక్ అనే కొత్త సర్వే నౌక 2024 ఫిబ్రవరి 3న విశాఖలోనే నౌకాదళంలో చేరినది. ఇటువంటి ఓడలు ముఖ్యంగా రాకపోకల క్షేమం కోసం కొలుస్తాయి. ఎక్కడ ఎంత లోతు, ఎక్కడ రాయి, ఎక్కడ శిథిలం అన్నదే వాటి పని.

కృష్ణా గోదావరుల ముఖద్వారాలకు ఎదురుగా ఉన్న సముద్రంలో చమురు, వాయువుల కోసం దశాబ్దాలుగా అన్వేషణ సాగినది. డాగర్‌లాండ్‌ను చదివిన రకపు సమాచారమే అక్కడా సేకరించారు. వాయువు ఉండేది ఎంతో లోతున. పైన ఉన్న పలుచని పొరలో, ఈ రెండు నదులూ మంచుయుగంలో ఏ దారిన పోయి ఎక్కడ సముద్రంలో కలిసేవో వ్రాసి ఉండాలి. ఆ ఒడ్డులు దొరికితే, ఎర్రమట్టి దిబ్బల పనిముట్లు చేసినవారి బంధువుల మజిలీలను ఎక్కడ వెదకాలో తెలుస్తుంది. ఆ పైపొరను చదవడానికి కొత్త ఓడ అక్కరలేదు. ఉన్న సమాచారాన్ని విశ్వవిద్యాలయానికి ఇచ్చే కంపెనీ ఒకటి, దాని ముందు ఓపికగా కూర్చునే విద్యార్థులు కొందరు చాలు.