ఇంటిలోని వై-ఫై: బూస్టరును అమర్చుకొను విధము

పిల్లల చదువునందు ఇంటర్నెట్టునకు గల స్థానము నానాటికి పెరుగుచున్న సంగతి తల్లిదండ్రులకు విదితమే. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వలన పాఠశాలలు మూతపడినపుడు పాఠములు ఫోను తెరమీదికి వచ్చినవి. పాఠశాలలు మరల తెరచిన తరువాత కూడ ఆ అలవాటు పూర్తిగా పోలేదు. తమిళనాట నివసించు తెలుగువారమైన మనకు దీనివలన వేరొక లాభము గూడ కలదు. కోవిల్‌పట్టి అంగళ్లలో గాని, విరుదునగరు అంగళ్లలో గాని తెలుగు పిల్లల పుస్తకము కంటబడుట అరుదు. ఇంటర్నెట్టులోనైతే 2003వ సంవత్సరమున ఆరంభమైన తెలుగు వికీపీడియా, ఆంధ్రభారతి నిఘంటువులు, పిల్లల కథలు, పద్యపఠనములు రుసుము లేకుండ లభించుచున్నవి.

అయితే ఈ సదుపాయము ఇంటిలోని అన్ని గదులకు అందుట లేదు. తీగ వీధివైపునుండి వచ్చును గనుక, రూటరును ముందుగదిలో తలుపు ప్రక్కనే బిగించి పోవుదురు. పిల్లలు చదువుకొనునది వెనుకగదిలో. నడుమ రెండు మూడు గోడలుండును. అచట పాఠము తెగితెగి వినవచ్చును. ఉపాధ్యాయుని ముఖము కదలక నిలిచిపోవును. అపుడు కొందరు ఎక్కువ వేగము గల పథకమునకు మారుదురు. మరికొందరు బూస్టరును కొనితెచ్చి, తరంగము బొత్తిగా అందని ఆ వెనుకగదిలోనే తగిలింతురు. రెండు విధములను సొమ్ము ఖర్చగునే గాని ఫలితము కానరాదు. అగ్గిపెట్టెల కర్మాగారములలోను, పప్పుల, నూనెల వ్యాపారములోను కష్టించి సంపాదించు మన కుటుంబములకు ఈ వ్యర్థవ్యయము తగదు. కావున బూస్టరు చేయు పని యేమో, చేయలేని పని యేమో ముందుగా తెలిసికొనవలెను.

వై-ఫై యనునది రేడియో తరంగమే. అదృశ్య తరంగములు గోడలను దాటి పోగలవని జగదీశ చంద్ర బోసుగారు 1895వ సంవత్సరముననే కలకత్తాలో గంట మ్రోగించి నిరూపించిరి. దాటునను మాట నిజమే గాని, దాటిన ప్రతి గోడవద్దను కొంత శక్తి క్షీణించును. చెక్కతలుపు కొంచెమే తగ్గించును. ఇటుకగోడ అంతకన్న ఎక్కువ, ఇనుపకడ్డీలు గల కాంక్రీటు మరింత ఎక్కువ తగ్గించును. ఇనుపబీరువా, నిలువుటద్దము, నీటితొట్టి తరంగమునకు పెద్ద అడ్డంకులు. ఇండ్లలో వాడు తరంగములు ముఖ్యముగా రెండు విధములు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము గోడలను దాటుటలో మేలు; 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగమునందు మేలు, గాని గోడలయెదుట త్వరగా అలసిపోవును.

ఇక బూస్టరు. ఈ పేరు మనలను కొంత మోసపుచ్చుచున్నది. అది క్రొత్తగా ఇంటర్నెట్టును పుట్టించునది కాదు. రూటరు మాటను విని మరల పలుకునది మాత్రమే. దీనిని తెలిసికొనుటకు మన ప్రాంతపు జనశ్రుతి యొకటి తోడ్పడును. మధురను పాలించిన తిరుమల నాయకుడు శ్రీవిల్లిపుత్తూరు ఆలయమున పూజ ముగిసినదని తెలిసిన పిదపనే భుజించెడివాడట. ఆముక్తమాల్యద కథకు నెలవైన ఆ ఊరు నేడు విరుదునగరు జిల్లాలోనిదే. అచటినుండి మధుర సుమారు 75 కిలోమీటర్ల దూరము. ఎంత పెద్ద నగారా యైనను అంతదూరము వినబడదు. అందుచేత దారిపొడవున నగారా మండపములు కట్టించిరనియు, ఒక మండపపు మ్రోతను విని తరువాతి మండపమువాడు తన నగారాను మ్రోగించెడివాడనియు చెప్పుకొందురు.

ఆ నడిమి మండపమును ఎచట కట్టవలెను? వెనుకటి మండపపు మ్రోత స్పష్టముగా వినబడు చోట కట్టవలెను. మ్రోత వినబడని చోట ఎంత గొప్ప నగారా నుంచినను, వాయించువాడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. బూస్టరు విషయమున కూడ ఇదియే సూత్రము. తరంగము చచ్చిపోయిన గదిలో దానిని పెట్టరాదు. తరంగము ఇంకను బలముగా నున్న చోట, అనగా రూటరునకును పిల్లల గదికిని నడుమ పెట్టవలెను.

బూస్టరు కొనుటకు ముందు ఖర్చు లేని పనులు కొన్ని చేసి చూడవలెను. రూటరును నేలమీదనో బీరువా వెనుకనో ఉంచక, ఇంటి నడుమ, మనిషి తలయెత్తున, బహిరంగముగా ఉంచవలెను. తీగను కొంత పొడిగించిన ఇది తరచుగా సాధ్యమగును. మైక్రోవేవ్ పొయ్యికి దూరముగా ఉంచవలెను. ఏలయన అదియు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతముననే పనిచేయును. ఇరుగుపొరుగుల రూటర్లు ఎక్కువగా నున్న వీధులలో, 2.4 గిగాహెర్ట్జ్ వరుసలలో ఒకదానితో ఒకటి కలియని 1, 6, 11 సంఖ్యలలో నొకదానిని ఎన్నుకొనుట మేలు. ఇంతమాత్రమున పని జరిగిన బూస్టరు అక్కరలేదు.

జరుగనిచో తరంగబలమును కొలిచి చూడవలెను. దీనికి ఫోనులో వేసికొనదగిన ఉచిత సాధనములు కలవు. అవి బలమును డీబీఎం అను కొలతలో, ఋణసంఖ్యగా చూపును. -50 మిక్కిలి బలము. -67 వరకు వీడియో పాఠము సాఫీగా సాగును. -80 చేరిన పనికిరాదు. 10 అంకెలు దిగుట యనగా బలము పదవవంతునకు తగ్గుట యని గ్రహించునది. ఫోనును చేతబట్టుకొని ముందుగది నుండి వెనుకకు నడచుచు, -65కు దిగక ముందే ఎచట ప్లగ్గు దొరకునో గుర్తించుకొనవలెను. అంకెలతో పని లేనివారు ఆ చోట నిలిచి ఒక వీడియో పాఠమును చూచిన చాలును. తెగక నడచినచో అదియే బూస్టరునకు తగిన స్థానము.

అమర్చుట కష్టమైన పని కాదు. మొదట బూస్టరును రూటరు దగ్గరనే ప్లగ్గులో పెట్టి, దాని దీపము నిలకడగా వెలుగువరకు ఆగవలెను. తరువాత రూటరు మీది డబ్ల్యూపీఎస్ అను మీటను నొక్కి, రెండు నిమిషములలోగా బూస్టరు మీది మీటను గూడ నొక్కవలెను. రెండును ఒకదానినొకటి గుర్తించి కలిసికొనును. ఆ మీట లేనిచో, ఫోనును బూస్టరు ఇచ్చు తాత్కాలికపు వై-ఫైకి కలిపి, వచ్చిన పుటలో మన యింటి వై-ఫై పేరును ఎన్నుకొని, పాస్‌వర్డు నీయవలెను. పరికరముతో వచ్చిన మొదటి పాస్‌వర్డును అటులే ఉంచక, మార్చవలెను. రక్షణవిధానము డబ్ల్యూపీఏ-2 గాని, డబ్ల్యూపీఏ-3 గాని అయియుండవలెను. కలయిక పూర్తియైన పిదప బూస్టరును తీసి, ముందు గుర్తించిన నడిమి చోట తగిలించి, వెనుకగదిలో మరల కొలిచి చూడవలెను. ఫలితము చాలనిచో రెండు మూడు అడుగులు ముందువెనుకలుగా జరిపి పరీక్షింపవలెను.

ఒక లోపమును గూడ తెలిసికొని యుండవలెను. నగారా వాయించువాడు వాయించునపుడు అవతలి మ్రోతను వినలేడు. అటులే ఒకే తరంగముతో వినుట, పలుకుట రెండును జరుపు చౌక బూస్టరు వేగమును దాదాపు సగమునకు తగ్గించును. రెండు తరంగములు గల బూస్టరు ఒకదానితో విని, వేరొకదానితో పలుకగలదు. కొంత ధర ఎక్కువైనను అది నయము. పొడవైన ఇండ్లకును, మేడయిండ్లకును ఇంతకన్న మేలైన ఉపాయము తీగయే. రూటరునుండి లాన్ తీగను వెనుకగదికి లాగి, దాని కొనకు రెండవ రూటరును యాక్సెస్ పాయింటుగా అమర్చినచో గోడల బాధయే యుండదు. ఈ తీగ 100 మీటర్ల వరకు పనిచేయును. ఇంటిలో మూలబడియున్న పాత రూటరు చాలవరకు దీనికి పనికివచ్చును.

బూస్టరు అను పేరుతోనే అమ్మబడు మరియొక వస్తువును గూర్చి హెచ్చరిక యవసరము. అది మొబైలు ఫోను సంకేతమును పెంచు పరికరము. వై-ఫై వాడు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో పరిమిత శక్తి గల పరికరములకు లైసెన్సు అక్కరలేదని భారత ప్రభుత్వము 2005వ సంవత్సరమున ప్రకటించినది. మొబైలు సంకేతపు బూస్టరు అటువంటిది కాదు. అనుమతి లేక దానిని ఇంటిలో నెలకొల్పుట చట్టవిరుద్ధము. అది టవరు పనికి భంగము కలిగించి, వీధిలోని వారందరి ఫోనులను చెడగొట్టగలదు. కొనునపుడు వై-ఫై కొరకని స్పష్టముగా చెప్పి, అడిగి తీసికొనవలెను.

ఆశ్వయుజ కార్తిక మాసములలో ఈశాన్య ఋతుపవనముతో ఉరుములు మెరుపులు వచ్చునపుడు రూటరును, బూస్టరును ప్లగ్గునుండి తీసివేయుట క్షేమము. కరెంటు తరచుగా పోవు చోట్ల రెంటికిని చిన్న యూపీఎస్ అవసరమగును. ఒకదానికి మాత్రమే ఉన్నచో గొలుసు తెగినట్లే.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మనవి. నగారావాడు విన్నదానినే మ్రోగించును. అందు మంచిచెడ్డలు ఎంచడు. బూస్టరు గూడ అంతే. వెనుకగదికి తెలుగు పాఠమును చేర్చు తరంగమే వ్యర్థకాలక్షేపమును గూడ చేర్చగలదు. కావున తరంగమును గదికి పంపి, పిల్లవానిని ఒంటరిగా విడువరాదు. దినమునకు అరగంట యైనను ప్రక్కన కూర్చుండి, తెరమీది తెలుగు కథను వానిచేత పైకి చదివించి, తెలియని మాటను నిఘంటువులో వెదకించవలెను. బడిలోను, బజారులోను తమిళము విను బిడ్డకు తెలుగు మాటను మరల పలికి అందింపవలసిన నడిమి మండపము ఇల్లే. యంత్రమును సరియైన చోట నిలుపుట ఒక్కనాటి పని. ఈ రెండవ పని నిత్యము చేయవలసినది.