పాత ఫోర్‌వీలు జీపు – కొనుటకు ముందు చమురు లెక్క

మైదుకూరు నాలుగు త్రోవల కూడలి. ఇచ్చటినుండి కడపకును, ప్రొద్దుటూరికిని, బద్వేలికిని, నంద్యాల వైపునకును తారురోడ్లు పోవుచున్నవి. రోడ్డు దిగి చేలలోనికి పోవు బాటల సంగతి వేరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములందలి నల్లరేగడి నేల గట్టివాన కురిసినచో చక్రమును పట్టి విడువదు. పులివెందుల వైపున చీనీతోటలకు పోవు బాటలందు రాళ్లును మిట్టపల్లములును మెండు. ఇట్టిచోట్లకు ఎరువు బస్తాలను, పసుపు మూటలను చేరవేయుటకు ఫోర్‌వీలు జీపొకటి యుండిన బాగుండునని తలచు రైతులు కలరు. క్రొత్తబండికి చేయి చాలనివారు పాతదానిని వెదకుదురు. అప్పుడు అమ్మువాడు చెప్పు మొదటి మాట, ‘లీటరుకు పండ్రెండు కిలోమీటర్లు వచ్చును’ అనునది. ఆ మాటను పరీక్షించు విధమును, దానినిబట్టి లాభనష్టములు తేల్చుకొను విధమును ఇచ్చట తెలుపుచున్నాము.

జీపు రెండవ ప్రపంచయుద్ధ కాలమున 1941 మొదలుకొని అమెరికా సైన్యమునకై తయారైన బండి. 1947లో మహీంద్రావారు విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చి అమ్ముట కారంభించిరి. అవి పెట్రోలు బండ్లు. తరువాత మహీంద్రా జీపులకు డీజిలు ఇంజినులు వచ్చినవి. 1985లో మారుతీవారి జిప్సీ వచ్చెను; అది పెట్రోలుది. 2010లో మహీంద్రా థార్ వచ్చెను. డీజిలు లీటరునందు పెట్రోలుకంటె నూటికి పదిపాళ్లు శక్తి యెక్కువ. డీజిలు ఇంజిను ఆ శక్తిని మేలుగా వాడుకొనును. కావున ఆ రెండింటిని లీటర్లతో పోల్చరాదు, రూపాయలతో పోల్చవలెను. డీజిలు బండి పంపును, ఇంజెక్టర్లును చెడినచో మరమ్మతు ఖర్చు హెచ్చని మరువరాదు.

ఫోర్‌వీలు బండి చమురేల యెక్కువ త్రాగును? ముందు ఇరుసునకు డిఫరెన్షియలు, రెండవ గేరుపెట్టె, ముందునకు బోవు షాఫ్టు అదనముగ నుండును. ఫోర్‌వీలు వేయకున్నను ఈ బరువును ఏడాది పొడుగునను ఇంజిను మోయవలసినదే. ముందు చక్రములకు విడదీయు హబ్బులున్న బండ్లలో, తారురోడ్డున వానిని విడదీసినయెడల కొంత ఆదా యగును. ఆరిన తారురోడ్డుపై ఫోర్‌వీలు వేసి నడుపుట తగదు. మలుపులలో ముందు వెనుక చక్రములు ఒకదానితో నొకటి పెనుగులాడి, టైర్లును చమురును రెండును వ్యర్థమగును.

ఇక పరీక్ష. ఒక బంకులో టాంకు నిండుగ పోయించి మీటరంకె వ్రాసికొనవలెను. మైదుకూరునుండి కడపకు పోయి వచ్చిన సుమారు 80 కిలోమీటర్లగును. తిరిగివచ్చి అదే బంకులో, అదే పంపువద్ద, బండిని అదే తీరున నిలిపి మరల నిండుగ పోయింపవలెను. రెండవమారు పట్టినన్ని లీటర్లే ఖర్చయిన చమురు. ఇంత కొద్దిదూరమునకు ఎనిమిది లీటర్లు ఖర్చగుచో, పోయుటలో అరలీటరు హెచ్చుతగ్గు వచ్చినను నూటికి ఆరుపాళ్లు తేడా వచ్చును. కావున రెండు బండ్లకు స్వల్పభేదము కనబడినచో అది భేదముగ నెంచరాదు. వీలైనచో 200 కిలోమీటర్లు నడిపి చూచుట మేలు. అమ్మువాని చమురు వాడక మన సొమ్ముతో పోయించినచో అతడు బండి నిచ్చుటకు వెనుదీయడు.

మీటరునుగూడ నమ్మరాదు. పాతజీపులకు పెద్దటైర్లు వేయించుట కద్దు. పెద్దచక్రము తక్కువమార్లు తిరిగి ఎక్కువదూరము పోవును గాన మీటరు తక్కువ చూపును. చిన్నటైరైనచో ఎక్కువ చూపును. రోడ్డుప్రక్కనున్న కిలోమీటరు రాళ్లను పదింటిని లెక్కించి మీటరుతో సరిచూచిన నిజము తేలును.

తిరిగివచ్చిన వెంటనే నాలుగు చక్రముల నడిమి భాగమునకు చేయి దగ్గరగ నుంచి చూడవలెను. ఒకటి మాత్రము మిక్కిలి వేడిగ నున్నయెడల బ్రేకు పట్టియున్నదన్నమాట. నల్లపొగ, మూసికొనిపోయిన గాలి ఫిల్టరు, జారు క్లచ్చి, గాలి తగ్గిన టైరు – ఇవన్నియు చమురు దొంగలే. వీనిలో కొన్ని స్వల్పఖర్చుతో బాగగును. బాగుచేయించి మరల కొలిచినగాని ఆ బండిని తీసివేయరాదు.

కొలిచిన పిదప లెక్క వేయుటలో రైతులు జాగ్రత్త పడవలసిన చోటొకటి కలదు. లీటరుకెన్ని కిలోమీటర్లని గాక, 100 కిలోమీటర్లకెన్ని లీటర్లని చూడవలెను. లీటరుకు 8 ఇచ్చు బండి నూరు కిలోమీటర్లకు 12½ లీటర్లు త్రాగును. 10 ఇచ్చునది 10 లీటర్లు. ఆదా 2½ లీటర్లు. అట్లే 14 ఇచ్చు బండికిని 16 ఇచ్చు బండికిని నడుమ తేడా రెండే యైనను ఆదా లీటరైన లేదు. కావున ఎక్కువ త్రాగు బండ్లలోనే చిన్నభేదము పెద్దసొమ్మగును.

లీటరు నూరు రూపాయలని లెక్కకు పెట్టుకొందము. ఏట 10,000 కిలోమీటర్లు తిరుగు రైతునకు, 8 ఇచ్చు బండికి బదులు 10 ఇచ్చు బండి యుండినచో 250 లీటర్లు, అనగా 25,000 రూపాయలు మిగులును. ఆ బండి వెల లక్ష యెక్కువైనను నాలుగేండ్లలో అసలు తీరును. అదే రైతు ఏట 3,000 కిలోమీటర్లే తిరుగునేని మిగులు 7,500 మాత్రమే. ఆ లక్షను నూటికి పది వడ్డీకి అప్పు దెచ్చినచో మొదటి యేటి వడ్డీయే 10,000. అప్పుడు చమురు తక్కువ త్రాగు బండియే నష్టము గలిగించును! తక్కువ తిరుగువానికి చౌకబండియు, ఎక్కువ తిరుగువానికి పొదుపుబండియు తగును.

తుదకొక ప్రశ్న. ఏడాదిలో బురదలో దిగబడు దినములెన్ని? అవి పది పదునైదే యైనచో, ఆ దినములకు ట్రాక్టరు చాలును. మిగిలిన దినములందెల్ల ఫోర్‌వీలు బరువును మోయుటకై చమురు పోయ నక్కరలేదు. దినములెక్కువైనచో ఫోర్‌వీలు కొనుట న్యాయమే. ప్రతి రైతును తాను తిరుగు దూరమును, బురద దినములను, కొలిచిన చమురును, తేబోవు అప్పు వడ్డీని ఒక కాగితముపై వ్రాసికొనవలెను. అప్పు దరఖాస్తు దాని తరువాత వ్రాయవచ్చును.