యువక్రీడాకారుల ఎంపిక: డ్రాఫ్టు, వేలం, నిరీక్షణ

పద్దెనిమిదేండ్ల యువకుడు మరి పదేండ్లకు ఏమి కాగలడో చెప్పడం కన్న తల్లిదండ్రులకే సాధ్యం కాదు. అట్టి పనిని వృత్తిక్రీడా జట్లు ఏటేటా తలకెత్తుకొంటున్నాయి. ఆ ఎంపిక ఎట్లు జరుగుతుందో, అందులోని న్యాయాన్యాయాలేమిటో ఒక క్రీడాభిమానిగా విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికాలోని ఎన్.బి.ఎ. బాస్కెట్‌బాల్ పోటీలలో అనుసరించే పద్ధతికి డ్రాఫ్టు అని పేరు. గడచిన సంవత్సరం వెనుకబడిన జట్లకు కొత్త ఆటగాళ్లను ముందుగా కోరుకొనే అవకాశమిస్తారు. బలహీనునికి చేయూతనివ్వడమే దీని పరమార్థం. కాని ముందు వంతు కోసం కొన్ని జట్లు కావాలనే ఓడుతున్నాయన్న అపవాదు పుట్టింది. అందుచేత 1985లో లాటరీ ప్రవేశపెట్టారు. 2019లో అట్టడుగు మూడు జట్లకూ మొదటి వంతు లభించే అవకాశాన్ని తలా 14 శాతంగా సమానం చేశారు. ఇన్ని జాగ్రత్తలతోనూ మనిషి అంచనా తప్పుతూనే ఉంది. 2014లో 40 మంది పేర్లు పిలిచిన తరువాత 41వ వాడుగా ఎంపికైన సెర్బియా యువకుడు నికోలా యోకిచ్, 2021, 2022, 2024 సంవత్సరాలలో అత్యుత్తమ ఆటగాడుగా నిలిచాడు.

మన దేశంలో క్రికెట్ ఐ.పి.ఎల్. జట్లు వేలం పద్ధతిని అనుసరిస్తాయి. అయినను 2008లో, ఆ పోటీల తొలి సంవత్సరంలో, అండర్-19 కుర్రవాళ్లను డ్రాఫ్టు ద్వారానే పంచుకొన్నారు. నాడు ఢిల్లీ జట్టు తమ ఊరి విరాట్ కోహ్లీని కాదని బౌలర్ ప్రదీప్ సంగ్వాన్‌ను కోరుకొన్నది. కోహ్లీ బెంగుళూరు పాలయ్యాడు. తరువాతి కథ లోకవిదితమే.

మన కృష్ణాతీరానికి వద్దాము. గుంటూరు యువకుడు షేక్ రషీద్ 2022లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టుకు ఉపనాయకుడు. సెమీఫైనల్లో ఆస్ట్రేలియాపై 94, ఫైనల్లో ఇంగ్లండ్‌పై 50 పరుగులు చేశాడు. 2022 డిసెంబరులో కొచ్చిలో జరిగిన వేలంలో చెన్నై జట్టు అతనిని 20 లక్షలకు తీసుకొన్నది. అదే వేలంలో అంతే ధరకు విశాఖపట్నం యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి హైదరాబాదు జట్టులో చేరాడు. నితీశ్‌కు 2024లో వరుసగా ఆడే అవకాశం దొరికింది; 2025 పోటీలకు ఆ జట్టే అతనిని 6 కోట్లకు నిలుపుకొన్నది. రషీద్ మాత్రం రెండు సంవత్సరాలు మైదానం వెలుపలే వేచి, 2025 ఏప్రిల్ 14న లక్నోలో తొలిసారి బరిలో దిగి 19 బంతులలో 27 పరుగులు చేశాడు.

దీనిని బట్టి నాకు తోచినది ఇది. డ్రాఫ్టు జట్ల మధ్య న్యాయం చేస్తుంది గాని, తనకు నచ్చిన జట్టును కోరుకొనే స్వేచ్ఛను యువకునికి ఇవ్వదు. వేలం ధర నిర్ణయిస్తుంది గాని, ఆ ధర జట్టులోని ఖాళీకి కట్టిన ధర. కుర్రవాని విద్యకు కట్టిన ధర కాదు. 2023లో రషీద్ ఆడవలసిన పై వరుసలో ఋతురాజ్ గైక్వాడ్, డెవాన్ కాన్వే కుదురుకొని ఉన్నారు. అందులో అతని లోపమేమున్నది? ఎంపిక తలుపు తీయడం వరకే; లోపల చోటు చూపకపోతే ఆ తలుపు తెరచినా మూసినా ఒకటే.

ఈ విషయం మన కళాశాలలకు దూరమైనది కాదు. ఒక్క ఉదయపు పరీక్షతో జట్టును నిర్ణయించి, ఆనాడు తడబడిన వానిని ఏడాదంతా మరచిపోవడం మనకూ పరిపాటియే. కార్యవర్గం వారు ఏడాది పొడవునా ఆటల లెక్కలు వ్రాయించి, ఎంపికైన ప్రతి విద్యార్థికీ కనీసం ఒక పోటీలో అవకాశమిప్పించిన, ఖర్చు స్వల్పం, ఫలం అధికం. విద్యార్థులకు నా మనవి ఒక్కటే: మీ పేరు పిలువని దినాన మీ విలువ తరిగిపోదు. అభ్యాసమూ చదువూ రెండూ విడువక సాగించండి. వంతు ఎప్పుడు వచ్చినా సిద్ధంగా ఉండేవాడే నిజమైన క్రీడాకారుడు.