పొరుగువారి యారాధనను తెలిసికొను విధము



కొన్ని సంవత్సరముల క్రిందట మేము తొమ్మిదవ తరగతివారికి "మా యింటి పండుగ" అను విషయమునుగూర్చి వ్యాసము వ్రాయుడని చెప్పితిమి. క్రైస్తవ బాలురు క్రిస్మసునుగూర్చియు, హిందూ బాలురు సంక్రాంతినిగూర్చియు, మహమ్మదీయ బాలుడొకడు రంజానునుగూర్చియు వ్రాసిరి. అడవి ప్రక్క గూడెమునుండి వచ్చి వసతిగృహములో నుండి చదువుకొనుచున్న కోయ బాలుడొకడు మాత్రము ఒక్క వాక్యము వ్రాసి కాగితమిచ్చెను. "మాకు పండుగలు లేవు" అని మాత్రమే అందున్నది. మేమును దానిని నమ్మి, వానికి వేరొక విషయమిచ్చి వ్రాయించితిమి.

ఆ వేసవి సెలవుల తుదను, జ్యేష్ఠమాసములో, పిల్లలను మరల బడికి పిలుచుటకై మేము ఆ గూడెమునకు పోతిమి. అచ్చట ఇంటింటినుండి తెచ్చిన విత్తనములను ఒక చెట్టు క్రింద నుంచి, పెద్దలు వేల్పును తలచుకొని, వానిని మరల అందరికిని పంచుచుండిరి. దానిని వారు విజ్జ పండుమందురు. విత్తనముల పండుగ యని దాని యర్థము. అది జరుగకముందు ఆ గూడెములో ఎవరును చేనిలో విత్తనము వేయరు. మేము ఆ బాలుని దగ్గరకు పిలిచి, "పండుగలు లేవని వ్రాసితివి, మరి ఇదేమి?" అని యడిగితిమి. వాడు తల వంచుకొని, "ఇది రాస్తే అందరూ నవ్వుతారనుకొన్నానండి, అయ్యగారూ" అనెను.

మా తప్పు మాకప్పుడు తెలిసెను. ఉదయ ప్రార్థన సమయమున రాళ్లకును చెట్లకును మ్రొక్కువారినిగూర్చి మేము తేలికగా మాటలాడిన దినములు జ్ఞప్తికి వచ్చినవి. ప్రశ్న అడుగువాడు తన మాటలతో, తన కొలతతో అడిగినయెడల, ఎదుటివాడు "లేదు" అని చెప్పి ఊరకుండును. ఆ "లేదు" అబద్ధము కాదు, నిజమును కాదు. మతములనుగూర్చి పరిశోధన చేసిన పండితులు నూటయేబది సంవత్సరములుగా నేర్చుకొనుచున్న పాఠము ఇదియే. దానిని మన ప్రాంతపు దృష్టాంతములతో వివరింపవలెనని మా యుద్దేశము.

మొదట పరిశోధన యననేమో చెప్పెదము. ఒక మతమును బోధించుట వేరు, ఖండించుట వేరు, పరిశోధించుట వేరు. పరిశోధకుడు మూడు ప్రశ్నలు వేయును. వీరు ఏమి చేయుచున్నారు? దానినిగూర్చి వారే ఏమి చెప్పుచున్నారు? ఆ యాచారము వారిని ఒకరితో నొకరిని, భూమితోను, పితరులతోను ఎట్లు కలుపుచున్నది? ఈ మూడింటికిని ఉత్తరము దొరకకముందు "ఇది మంచిది, ఇది చెడ్డది" యని తీర్పు చెప్పుట పరిశోధన కాదు.

ఆరంభదశలో పండితులకు ఈ యోపిక లేకుండెను. ఇంగ్లాండు దేశస్థుడైన ఎడ్వర్డ్ టైలర్ 1871లో ప్రకటించిన గొప్ప గ్రంథములో, చెట్లయందును రాళ్లయందును జంతువులయందును ఆత్మలున్నవను నమ్మికయే మతమునకు మొదటి మెట్టని వ్రాసెను. ఆ నమ్మికకు ఆయన "ఆనిమిజము" అను పేరు వాడెను. ఆయన విద్యావంతుడేకాని, తాను వర్ణించిన జాతులలో అనేకులను చూచినవాడు కాడు. ప్రయాణికులును మిషనరీలును వ్రాసినదానినే చదివి సిద్ధాంతము కట్టెను. ఆ పేరు పుస్తకములోనే నిలిచియుండలేదు. బ్రిటిషు ప్రభుత్వమువారి జనాభా లెక్కలలో అడవి జాతులవారి మతము క్రింద "ఆనిమిస్టు" అని వ్రాయుచు వచ్చిరి. 1931లో దానిని మార్చి "తెగల మతము" అనిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఆ గడియే పోయినది. 2011 లెక్కలలో ఆరు పెద్ద మతములకు సంకేతసంఖ్య లున్నవి. వానిలో చేరనివారు తమ మతము పేరు వేరుగా వ్రాయించుకొనవలెను. ఒకే గూడెములో, ఒకే వేల్పుకు మ్రొక్కుచున్న కుటుంబము, ఏమియు మార్చుకొనకుండగనే కాగితముమీద ఇన్ని పేర్లు మారినది. పేరు పెట్టినవారు వ్రాయువారేకాని, ఆ కుటుంబమువారు కారు.

ఇక దగ్గరకు వచ్చి చూచినవారి సంగతి. గోదావరి యొడ్డున దుమ్ముగూడెములో, ఆనకట్ట పనులు జరుగుచున్న కాలమున, 1860 ప్రాంతమున చర్చి మిషనరీ సొసైటీవారి కోయ మిషను ఏర్పడెను. సైన్యమునందలి ఇంజనీరైన హేగ్ దొరగారు దానికి కారకులు. తరువాత అచ్చట పనిచేసిన రెవరెండ్ జాన్ కెయిన్ దొరగారు కోయల యాచారములను తాము చూచినంతవరకు వ్రాసి, 1870ల దశాబ్దమునుండి "ఇండియన్ యాంటిక్వరీ" యను పత్రికలో ప్రకటించిరి. 1909లో ఏడు సంపుటములుగా వెలువడిన థర్స్టన్, రంగాచారిగార్ల దక్షిణదేశపు కులముల గ్రంథములో కోయలనుగూర్చిన భాగము చాలవరకు వారి వ్రాతలమీదనే యాధారపడియున్నది.

కెయిన్ దొరగారు వ్రాసిన ఒక మాట మాకెప్పుడును తలపునకు వచ్చుచుండును. దుమ్ముగూడెము దగ్గరి పల్లెలలో కోయల గుడి యొక్కటియు లేదని వారు వ్రాసిరి. అది చూచి వ్రాసిన సత్యమే. కోయల దేవతల పేర్లును, పులులపై నధికారముగల కొర్రరాజునుగూర్చిన నమ్మకమును వారే వ్రాసిపెట్టిరి. అయినను ఆ ఒక్క మాటను మాత్రమే చదివినవాడు, గుడి లేదు గనుక ఆరాధన తక్కువయని తలచును. గుడి కొరకు వెదకినవానికి గుడి లేదు. చెట్టు క్రింద, చేని గట్టున, వేల్పులను దాచిన ఇంట, వెదకినవానికి ఆరాధన యున్నది. మా బాలుని ఒక్క వాక్యమును ఇటువంటిదే.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆస్ట్రియా దేశస్థుడైన హైమెండార్ఫ్ అను పండితుడు హైదరాబాదు సంస్థానములో నుండి, 1941లో పాపికొండల దగ్గర గోదావరి లోయలోని కొండరెడ్ల నడుమ పరిశోధన చేసెను. దానిని గూర్చిన గ్రంథము 1945లో లండనులో వెలువడినది. ఆయన ఊరి పెద్దను పిలిపించి ప్రశ్నించి వెళ్లిపోలేదు. వారి గూడెములలో నివసించి, పోడు నరుకునప్పుడును పండుగ చేయునప్పుడును వెంట నుండెను. అట్లుండుటచేత ఆరాధన మాత్రమేకాక, కలప వర్తకుల యప్పులలో చిక్కి వారు పడుచున్న కష్టములు కూడ ఆయనకు తెలిసినవి. దానినిగూర్చి ప్రభుత్వమునకు విన్నవించెను. పంటతో, అడవితో, అప్పుతో సంబంధము లేకుండ మతము ఒంటరిగా నుండదని ఇందువలన తెలియుచున్నది. పిమ్మట స్టీఫెన్ టైలర్ అను అమెరికా పండితుడు గోదావరి యొడ్డున నుండు గొమ్ము కోయల భాషకు వ్యాకరణము వ్రాసి 1969లో ప్రకటించెను. వారి మాట తెలియనిదే వారి మ్రొక్కు తెలియదు గనుక ఇదియు మతపరిశోధనకు సాధనమే.

అయితే కోయల సంగతులు వ్రాసినవారు పరదేశస్థులు మాత్రమే యనుకొనరాదు. కోయలకు తమ గ్రంథము తమకే యున్నది. దానిని పడిగె యందురు. అది మూడుకోణముల గుడ్డ. దానిమీద వేల్పుల బొమ్మలును, వంశకర్తల బొమ్మలును ఉండును. వేల్పుల పండుగలలో దానిని ఎత్తి, డోలీలు డోలు వాయించుచు ఆయా గట్టువారి పుట్టుపూర్వోత్తరములను పాడుదురు. ఏ గట్టువారు ఎవరికి అన్నదమ్ములు, ఎవరితో వియ్యమందవచ్చును అను సంగతి అందులోనే యున్నది. ఇటీవలి కాలమున తెలుగు పండితులు ఈ పడిగెలను సేకరించి, పాటలను వ్రాయించుచున్నారు. పాడు వృద్ధుడు పోయినయెడల గుడ్డ మిగులును, చదువువాడు మిగులడు.

ఇక సత్యమును గూర్చిన ప్రశ్న. మనకు ఉత్తరమున, మేడారములో, రెండు సంవత్సరముల కొకసారి మాఘమాసమున సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. కాకతీయ రాజునకు కప్పము కట్టక పోరాడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు పోయి అంతర్ధానమయ్యెననియు, అచ్చట కుంకుమ భరిణ మాత్రమే దొరికెననియు చెప్పుదురు. ఆ యుద్ధము ఎప్పుడు జరిగెను, శాసనములలో దానికి సాక్ష్యమున్నదా యని చరిత్రకారుడడుగును. ఇన్ని లక్షల జనము ఆ కథను ఏల చెప్పుకొనుచున్నారు, అందులో తమనుగూర్చి ఏమి చెప్పుకొనుచున్నారు అని మతపరిశోధకుడడుగును. రెండును న్యాయమైన ప్రశ్నలే. ఒకదానికి ఉత్తరము దొరకనంత మాత్రమున రెండవది వ్యర్థము కాదు. భద్రాచలమునందును ఇంతే. రామదాసను కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున గుడి కట్టించిన సంగతి అందరికిని తెలియును. అంతకుముందే పోకల దమ్మక్క యను అడవి జాతి స్త్రీ ఆ విగ్రహములను కనుగొని పూజించెనని స్థలపురాణము చెప్పుచున్నది. రాజ్యాధికారి కట్టిన గుడికి మొదటి భక్తురాలు అడవి స్త్రీయని ఆ గుడి కథయే ఒప్పుకొనుట గమనింపదగినది.

క్రైస్తవులైన తలిదండ్రులు కొందరు, "పిల్లలకు ఇవి నేర్పినయెడల విశ్వాసము సడలదా?" అని మమ్మడిగిరి. మేము రెండు సంగతులు చెప్పితిమి. అపొస్తలుడైన పౌలు ఏథెన్సు పట్టణమున బోధించుటకు ముందు, వీధులలో తిరిగి వారి బలిపీఠములను చూచి, వానిపై వ్రాసినదానిని చదివెను. ఆ తరువాతనే మాటలాడెను. చూడకముందు మాటలాడిన మేము ఆయన శిష్యులము కాలేదు. ఇంకొకటి, పొరుగువానిగూర్చి అబద్ధ సాక్ష్యము పలుకరాదని దేవుని తొమ్మిదవ యాజ్ఞ. తెలియకుండ పలికినదియు అబద్ధ సాక్ష్యమే. తెలిసికొనుట వేరు, అంగీకరించుట వేరు.

కోయ క్రైస్తవ విద్యార్థులకు మరియొక మాట. క్రైస్తవుడైనందున కోయవాడు కోయవాడు కాకపోడు. షెడ్యూల్డు తెగ యను గుర్తింపునకు చట్టము మతమును షరతుగా పెట్టలేదు. మీ భాష, మీ గట్టు, మీ పెద్దల కథలు మీవే. అవి చెప్పుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

కాబట్టి ఈ సంవత్సరమునుండి పై తరగతులవారికి ఒక పనిని నియమించితిమి. సెలవులలో మీ యింటి పెద్దలను, పొరుగింటివారిని, వారి యారాధనను గూర్చి అడుగుడు. ముందు సెలవు పుచ్చుకొనుడు. పరులకు చెప్పరాదనినదానిని అడుగకుడు, వ్రాయకుడు. వడ్డెను మాత్రమేకాక అవ్వను కూడ అడుగుడు, ఏలయన స్త్రీలకు తెలిసినది పురుషులు చెప్పలేరు. చూచినదానిని ఒక ప్రక్కను, విన్నదానిని ఒక ప్రక్కను, మీ యూహను వేరుగను వ్రాయుడు. వేల్పు, పండుము మొదలైన వారి మాటలను మార్చకుడు. వ్రాసినదానిని వారికి చదివి వినిపించి, తప్పు దిద్దించుకొనుడు.

ఈ పని ఆలస్యము చేయదగినది కాదు. పోలవరము ఆనకట్ట నిమిత్తము 2014లో భద్రాచల ప్రాంతపు మండలములు కొన్ని ఆంధ్రప్రదేశములో చేరినవి. ముంపునకు లోనగు గూడెములలోని కోయలును కొండరెడ్లును చోటు విడువవలసి వచ్చుచున్నది. మనుష్యులకు క్రొత్త యిండ్లు కట్టవచ్చును. చెట్టు క్రింది వేల్పును, గుట్టమీది కథను తరలించు ఉపాయము, తెలిసినవారు చెప్పగా వ్రాసికొనుటకంటె మరియొకటి మాకు తోచలేదు.

పైన చెప్పిన బాలుడు మరుసటి సంవత్సరము విజ్జ పండుమునుగూర్చి నాలుగు పుటలు వ్రాసి తెచ్చెను. తరగతిలో చదివించితిమి. ఎవరును నవ్వలేదు. ఆ నాలుగు పుటలతోనే బడి గ్రంథాలయమున ఒక నోటు పుస్తకము మొదలైనది. తలిదండ్రులు బడికి వచ్చినప్పుడు దానిని అడిగి చదివించుకొని, మేము పొరబడినచోట దిద్దవలెనని ప్రార్థించుచున్నాము.