హంతకుడెవరో ముందే చెప్పిన నాటకం

సస్పెన్స్ అనగానే మన విమర్శకులు చాలామంది ముఖం చిట్లిస్తారు. రైల్లో చదివి సీటు మీద వదిలేసే సరుకని వారి భావన. అటువంటి సరుకు మనకూ తక్కువేం లేదు కాబట్టి వారిని పూర్తిగా తప్పుపట్టలేం. ఐతే సస్పెన్స్ అనేది వస్తువు కాదు, కథను నడిపే పద్ధతి మాత్రమే. ఆ పద్ధతితో రచయిత ఏం చెప్పాడన్నది చూడాలి. ఫ్రెడరిక్ నాట్ రాసిన 'డయల్ ఎం ఫర్ మర్డర్' ఈ దృష్టితో చూడదగిన నాటకం.

హిచ్‌కాక్ 1954లో తీసిన సినిమాగానే ఇది మనవారికి ఎక్కువగా తెలుసు. నిజానికి ఇది మొదట టెలివిజన్ నాటకంగా జనంలోకి వచ్చింది. నాటకశాలల నిర్మాతలు వద్దని తిప్పిపంపిన రాతప్రతిని బి.బి.సి. తీసుకుని 1952 మార్చి 23న ప్రసారం చేసింది. ఆ తర్వాతే అదే ఏడు జూన్‌లో లండన్‌లోనూ, అక్టోబరులో న్యూయార్క్‌లోనూ రంగస్థలం ఎక్కింది. న్యూయార్క్‌లో 552 ప్రదర్శనలు జరిగాయి.

ఆ రోజుల్లో టెలివిజన్ నాటకమంటే స్టూడియోలో నటులు నటిస్తూండగానే ఇళ్ళలో జనం చూసేది. మాట తడబడితే దిద్దుకునే వీలుండదు. కాబట్టి తక్కువ పాత్రలు, ఒకటే గది ఉన్న నాటకం ఆ సాధనానికి చక్కగా అమరింది. పైగా ఈ కథ కీలకమంతా ఒక తాళంచెవిలో ఉంది. నాటకశాలలో వెనక బెంచీవాడికి కనిపించని ఆ చిన్న వస్తువును కెమెరా తెరనిండా చూపగలదు.

టోనీ ఒకప్పటి టెన్నిస్ ఆటగాడు. భార్య షీలా డబ్బు మీద బతుకుతున్నాడు. ఆమె మాక్స్ అనే రచయితను ప్రేమించిందని తెలిసి, ఆమె వెళ్ళిపోతే తన గతేమిటని భయపడ్డాడు. అసూయకన్నా ఆస్తి పోతుందన్న భయమే అతన్ని ఎక్కువ నడిపిస్తుంది. కాలేజీలో తనతో చదివి, మోసాలతో పొట్టపోసుకుంటున్న స్వాన్‌ను పిలిచి, వాడి పాత నేరాలతో బెదిరించి, వెయ్యి పౌన్లకు హత్య బేరం కుదుర్చుకుంటాడు. ఈ బేరం మొదటి అంకంలోనే మన కళ్ళముందు జరుగుతుంది. హంతకుడెవరన్న ప్రశ్న అక్కడితో చెల్లిపోయింది.

ఐతే షీలా పెనుగులాడి, కత్తెరతో స్వాన్‌నే పొడిచి చంపుతుంది. ఇక్కడినుంచే నాటకం అసలు విషయంలోకి దిగుతుంది. టోనీ తేరుకుని, ఆమె పాత ప్రేమలేఖను శవం జేబులో పెడతాడు. బ్లాక్‌మెయిల్ చేస్తున్నవాణ్ణి ఆమె కావాలని చంపిందని పోలీసులు అనుకుంటారు. కోర్టు ఉరిశిక్ష వేస్తుంది. కిరాయిమనిషి చేయలేకపోయిన పనిని పైసా ఖర్చు లేకుండా ప్రభుత్వం చేసిపెట్టబోతోంది! టోనీ చేయవలసిందల్లా దుఃఖిస్తున్న భర్తలా కనబడటమే.

రచయితలు శ్రద్ధగా గమనించవలసిన ఘట్టం మూడో అంకంలో ఉంది. హత్యల కథలు రాసి బతికే మాక్స్, ఉరికి ముందురోజు టోనీ దగ్గరికి వచ్చి ఒక కథ అల్లుతాడు. "నువ్వే స్వాన్‌ను పురమాయించానని పోలీసులతో చెప్పు, నీకు కొన్నేళ్ళ జైలు పడుతుంది, ఆమె బతుకుతుంది" అని బతిమాలతాడు. అతను అబద్ధమనుకుని అల్లిన ఆ కథ దాదాపు అక్షరాలా నిజం. ఎవరూ నమ్మరంటాడు టోనీ. సాక్ష్యాలన్నీ పేర్చిన కోర్టుకు అందనిది ఒక కథకుడి ఊహకు అందింది. ఈ వ్యంగ్యాన్ని నాట్ ఎక్కడా నొక్కి చెప్పలేదు. చెప్పి ఉంటే చెడిపోయేది.

తాళంచెవి సంగతి ఇది. స్వాన్ కోసం మెట్లమీది తివాచీ కింద భార్య తాళంచెవిని టోనీ దాచాడు. స్వాన్ తలుపు తీయగానే దాన్ని తిరిగి అక్కడే పెట్టేశాడు. అది తెలియక టోనీ, శవం జేబులో దొరికిన స్వాన్ సొంతింటి తాళంచెవిని భార్య సంచిలో వేశాడు. చివరికి ఇన్‌స్పెక్టర్ హబ్బర్డ్ పన్నిన ఉచ్చులో, సంచిలోని తాళంచెవి పట్టక, తటపటాయించి, తివాచీ కింద చేయిపెట్టి తన తలుపు తానే తీసుకుంటాడు. మాటల్లేకుండా జరిగిన ఒప్పుకోలు అది. హంతకుణ్ణి పట్టించడానికి పది నిమిషాల ఉపన్యాసం పెట్టేవారు ఈ ఘట్టాన్ని మళ్ళీ మళ్ళీ చదవాలి.

నాటకానికి పరిమితులున్నాయి. షీలా విచారణ, జైలు బతుకు తెరవెనకే జరిగిపోతాయి. ఆమె ఏమనుకుందో మనకు దాదాపు తెలియదు. ఒక తెలివైన అధికారి రాకతో చట్టం తన తప్పును తానే దిద్దుకున్నట్టు తేలిపోతుంది. ఆనాటి లండన్‌లో అలా జరగలేదు. ఈ నాటకం ప్రసారమయ్యే నాటికి తిమొతి ఇవాన్స్‌ను సొంత బిడ్డను చంపాడంటూ ఉరితీసి రెండేళ్ళైంది. ప్రసారమైన ఏడాదికి, 1953 మార్చిలో, అదే ఇంట్లో కాపురమున్న క్రిస్టీ చేసిన హత్యలు బయటపడ్డాయి. ఇవాన్స్ విచారణలో అతను ప్రాసిక్యూషన్ సాక్షి. ఇవాన్స్‌కు మరణానంతర క్షమాభిక్ష 1966లో గాని రాలేదు.