సిగ్నల్ అందని కొండల్లో ఆడదగిన ఆటలు

సంత రోజున కొండ మీది గూడల నుంచి చీపుర్లు, పసుపు, అనాసపళ్లు దింపుకొచ్చే కుర్రాళ్లు సరుకు అమ్ముడయ్యాక సీతంపేటలోని నా సెల్ షాపుకి వస్తారు. రీఛార్జి చేయించుకుంటారు, పగిలిన గ్లాసు మార్పించుకుంటారు. చివర్లో అడుగుతారు: "అన్నా, నెట్ లేకుండా ఆడే ఆటలేవైనా ఉంటే ఎక్కించవా?" ఘాట్‌లో నాలుగు మలుపులు తిరిగితే సిగ్నల్ పోయే ఊళ్లు వాళ్లవి. వాళ్ల కోసం వెతుకుతూ వెతుకుతూ నేనే మళ్లీ ఆటల్లో పడ్డాను.

నా తరం వాళ్లలో చాలామందికి మొదటి ఆట నోకియా ఫోన్‌లోని పాము. ఫిన్లాండ్ ఇంజనీరు టనేలి అర్మాంటో 1997లో నోకియా 6110 కోసం రాసింది. తర్వాత పాలకొండ నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి రోడ్ రాష్ అనే బైకుల ఆట ఆడేవాళ్లం. పక్క బండివాణ్ని గొలుసుతో కొట్టి పడేస్తే వెనక నిలబడి చూసేవాళ్లు మనకంటే గట్టిగా అరిచేవారు. స్మార్ట్‌ఫోన్ వచ్చాక వేల ఆటలు చేతికందాయి గానీ ఆడాలన్న ఆశ పోయింది. ఆట తెరవగానే "ఈరోజు బహుమతి తీసుకో" అంటుంది. కాసేపు ఆడితే "శక్తి అయిపోయింది, ఆగు, లేదంటే కొను" అంటుంది. నడుమ ప్రకటనలు. మనం వయసు మీద నెపం వేసుకుంటాం. ఆటల మీద ప్రేమ ఆరిపోవడానికి ఎక్కువ భాగం కారణం ఈ రకం తయారీయేనని నా గట్టి నమ్మకం.

నాకు ఆ ప్రేమ తిరిగి తెచ్చిన ఆట 'ఎ షార్ట్ హైక్'. కెనడాకి చెందిన ఆడమ్ రాబిన్సన్-యూ 2019లో విడుదల చేశాడు. క్లెయిర్ అనే పిట్ట సెలవులకని కొండల్లోని ఒక పార్కుకి వస్తుంది. తనకో ముఖ్యమైన ఫోన్ రావాలి. అక్కడ సిగ్నల్ లేదు, శిఖరం మీద మాత్రం ఉంటుంది. ఎక్కడమే కథ. ఓటీపీ కోసం గుట్టెక్కి ఫోన్ పైకెత్తి పట్టుకునే మన మన్యం మనిషికి ఈ కథ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. బంగారు ఈకలు దొరికేకొద్దీ క్లెయిర్ ఇంకాస్త ఎత్తుకి పాకగలుగుతుంది. దారిలో చేపలు పట్టొచ్చు, ఎవరో పోగొట్టుకున్న వస్తువు వెతికిపెట్టొచ్చు, తోవ తప్పి తిరగొచ్చు. శత్రువు లేడు, చావు లేదు, గడియారం తరమదు. నింపాదిగా ఆడినా ఒక పూటలో అయిపోతుంది. పైనుంచి రెక్కలు చాచి గాల్లో జారుతూ, ఎక్కిన దారంతా కింద పరుచుకుని కనిపిస్తుంటే దిగడం ఉంది చూడండి, దానికోసమే నేను మళ్లీ మళ్లీ ఎక్కాను. 2020లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ దీనికి తన అత్యున్నత బహుమతి ఇచ్చింది. ఇది కంప్యూటర్ మీద ఆడాల్సిన ఆట, మామూలు ల్యాప్‌టాప్ చాలు. క్లెయిర్‌కి రావాల్సిన ఫోన్ ఎవరి దగ్గర్నుంచో మాత్రం చెప్పను.

ఫోన్‌లోనే కావాలంటే 'స్టార్‌డ్యూ వ్యాలీ'. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే యువకుడు బొమ్మలు, సంగీతం, కోడ్, మాటలు అన్నీ ఒక్కడే నాలుగేళ్లపాటు కూర్చుని చేశాడు. 2016 ఫిబ్రవరిలో కంప్యూటర్‌కీ, 2019లో ఆండ్రాయిడ్‌కీ వచ్చింది. తాత వదిలిపోయిన బీడు భూమిలో రాళ్లు ఏరి, పొదలు కొట్టి, విత్తనం వేసి, నీళ్లు పోయాలి. ఒక్కో రుతువుకి 28 రోజులు. రుతువు మారితే ఆ కాలపు పంట ఎండిపోతుంది. పోడు చేసే ఇంటి కుర్రాడికి చూపిస్తే, "పొలం పని మానుకొచ్చి ఫోన్లో కూడా పొలమేటన్నా?" అన్నాడు. మరుసటి సంతకి వచ్చి గుమ్మడి ఎప్పుడు నాటాలని అడిగాడు. ఒకసారి కొనేస్తే తర్వాత ప్రకటనలుండవు, ఒంటరిగా ఆడేందుకు నెట్ అక్కర్లేదు. జాగ్రత్త ఒకటుంది: "ఇంకొక్క రోజు" అనుకుంటూనే అర్ధరాత్రి అయిపోతుంది. పిల్లలకి వేళ పెట్టండి.

అందులోని ఇంగ్లిష్ చదవడం ఇబ్బందైతే 2014 నాటి 'మాన్యుమెంట్ వ్యాలీ' తీసుకోండి. ఇడా అనే రాకుమారిని, తిప్పితే రూపం మారే కోటల గుండా నడిపించాలి. మాటలు బహు తక్కువ, చూపే భాష. చిన్నది, చక్కటిది. ఇసుక దిబ్బల మీద జారుతూ పోయే 'ఆల్టోస్ ఒడిస్సీ'లో జెన్ మోడ్ పెడితే స్కోరు కూడా ఉండదు. పడితే లేచి మళ్లీ సాగడమే. పని అలసట తీరడానికి అంతకంటే మంచిది నాకు తెలీదు.

డబ్బు పందెం ఆటలు మాత్రం నా షాపులో ఎవరికీ ఎక్కించను. అలాంటి ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. వాటినీ వీటినీ ఒకే గాట కట్టి "గేములన్నీ చెడ్డవే" అనే తల్లిదండ్రులు పిల్లల పక్కన కూర్చుని ఒక్క మంచి ఆట ఆడి చూడాలి.

అలా కూర్చోవడానికి తగినది 'నెవర్ అలోన్'. ఒకే కంప్యూటర్‌లో ఇద్దరు ఆడొచ్చు. ఒకరు నూనా అనే పిల్ల, ఒకరు ఆమెతో వచ్చే తెల్లనక్క. మా ఇంట్లో నక్క మా పెద్దోడు. ఆగని మంచు తుపాను ఎక్కణ్నుంచి పుడుతోందో కనుక్కోవడానికి ఇద్దరూ బయల్దేరతారు. నూనా ఎక్కలేని చోటికి నక్క ఎక్కుతుంది, నక్క చేయలేనిది నూనా చేస్తుంది. అలాస్కాలోని ఇన్యూపియాట్ అనే ఆదివాసీల కథ ఇది. అక్కడి కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ పూనుకుని, పెద్దల్నీ కథలు చెప్పేవాళ్లనీ తయారీదారులతో కలిపి కూర్చోబెట్టి 2014లో తెచ్చింది. కథ చెప్పే గొంతు వాళ్ల భాషలోనే వినిపిస్తుంది. దారిలో గుడ్లగూబలు తగిలితే ఆ జనం తమ బతుకు గురించి తామే చెప్పే చిన్న వీడియోలు తెరుచుకుంటాయి. 2015లో బ్రిటన్‌లోని బాఫ్టా సంస్థ తొలి ఆటలకిచ్చే పురస్కారం దీనికి దక్కింది.

అది ఆడుతున్నంతసేపూ నాకు మా కొండల్లోని సవర ఆదివాసీల గూడలే మెదిలాయి. అలాంటి ఆటకి కావలసినవి ఇక్కడా ఉన్నాయి. గిడుగు రామమూర్తి గారు సవరలతో తిరిగి నేర్చుకుని రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఎర్రమట్టి గోడల మీద బియ్యప్పిండితో గీసే మనుషులు, జింకలు, చెట్లు ఇక్కడున్నాయి. కథలు తెలిసిన ముసలమ్మలున్నారు. హైదరాబాద్‌లో, విశాఖలో ఆటలు తయారుచేస్తున్న తెలుగు పిల్లలకి నాదొక విన్నపం. సీతంపేట రండి. పెద్దల దగ్గర కూర్చుని, వాళ్లు సరేనన్న కథనే తీసుకోండి. గొంతు సవర భాషలోనే ఉంచండి, కథ చెప్పినవాళ్ల పేర్లు ఆట మొదట్లోనే వేయండి, వచ్చే డబ్బులో గూడకి వాటా ఇవ్వండి.