రివర్స్ గేరు పుట్టుపూర్వోత్తరాలు

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండికి రివర్స్ గేరే లేదు. వెనక్కి పోవాలంటే దిగి నెట్టుకోవడమే. ముందుకు కదిలితే చాలనుకున్న రోజులవి.

తర్వాత వచ్చిన పరిష్కారం చాలా చిన్నది. గేరుబాక్సులో రెండు పళ్ల చక్రాల మధ్య మూడోదాన్ని దూరిస్తే చివరి చక్రం ఎదురు దిశలో తిరుగుతుంది. అంతే. మిగతా గేర్లకు పళ్లు ఏటవాలుగా కోస్తారు, అందుకే చప్పుడు తక్కువ. చాలా మాన్యువల్ కార్లలో రివర్స్‌కి మాత్రం తిన్నని పళ్లతో సరిపెట్టారు. బండి వెనక్కి పోతుంటే వినిపించే ఆ కూత వాటిదే.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి మూడు పెడళ్లు; మధ్యది రివర్స్. పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండేది, పంపు లేదు. ఇంధనం తనంతట తానే కిందికి జారి ఇంజిన్‌కి చేరాలి. నిట్టనిలువు ఎత్తు ఎక్కేటప్పుడు ముందున్న ఇంజిన్ పైకి లేచేది, ట్యాంకులో పెట్రోలు తక్కువుంటే ఇంజిన్ కాస్తా ఆగిపోయేది. అందుకే డ్రైవర్లు కారును వెనక్కి తిప్పి, రివర్స్‌లో కొండ ఎక్కించేవారు!

సరదాకి వెనక్కి నడిపినవాళ్లూ ఉన్నారు. 1930లో చార్లెస్ క్రైటన్, జేమ్స్ హార్గిస్ అనే ఇద్దరు ఫోర్డ్ మోడల్ ఏ కారును న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి, మళ్లీ అక్కడి నుంచి న్యూయార్క్‌కి 42 రోజుల్లో రివర్స్‌లోనే నడిపారు. వాళ్ల మెడలు ఏమైపోయాయో! జర్మనీలో తయారైన మెసర్‌ష్మిట్ కేఆర్200 బుల్లి కారుది మరో వింత. తాళంచెవి ఇంకాస్త లోపలికి నొక్కి స్టార్ట్ చేస్తే దాని టూ-స్ట్రోక్ ఇంజినే ఎదురు తిరిగేది. దాంతో రివర్స్‌లోనూ నాలుగు గేర్లు దొరికేవి.

ఇన్ని చేసినా వెనక్కి నడపడంలో అసలు చిక్కు గేరులో లేదు, ముందు చక్రాల్లో ఉంది. చక్రం ఎడమకో కుడికో తిరిగే ఇరుసును పైభాగం వెనక్కి వాలేలా కొద్దిగా వంచి బిగిస్తారు. దీన్నే కాస్టర్ అంటారు. ముందుకు పోతున్నప్పుడు ఆ వాలు వల్లే మలుపు దాటాక స్టీరింగ్ దానంతటదే తిన్నగా వచ్చేస్తుంది. వెనక్కి పోతుంటే అదే వాలు ఎదురు తిరుగుతుంది: కాస్త మెలి పడిన చక్రం ఇంకా మెలి తిరగాలని చూస్తుంది. సూపర్ మార్కెట్ ట్రాలీని ఒక్కసారి వెనక్కి లాగి చూడండి, బుల్లి చక్రాలు గిర్రున తిరిగిపోతాయి. పైగా తిరిగే చక్రాలు ఇప్పుడు మనం పోయే దిక్కుకి వెనకబడిపోయాయి. మీరు తోకను గేట్లోకి తిప్పుతుంటే బానెట్ మూల అవతలి పక్కకి ఊగి స్తంభానికి గీసుకుంటుంది.

ఎలక్ట్రిక్ కార్లలో మోటారునే ఎదురు తిప్పుతారు కాబట్టి రివర్స్ గేరు అక్కర్లేదు. కాస్టర్ మాత్రం వాటికీ తప్పలేదు.

మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి. మంచిదే. కానీ సన్నటివి, నేలకు దగ్గరగా ఉన్నవి వాటి కంట పడకపోవచ్చు. బానెట్ మూల ఎటు ఊగుతోందో వెనక కెమెరా అసలు చూపదు. లారీ వెనక నిలబడి "రానీ... రానీ... హోల్డాన్!" అని అరిచే క్లీనర్ కారుకి ఉండడు. కాబట్టి స్టీరింగ్ కొద్దికొద్దిగా తిప్పండి, బండెక్కే ముందు చుట్టూ ఒకసారి నడిచి చూడండి. బంపర్ వెనక కూర్చున్న చిన్నపిల్లలు అద్దంలో కనిపించరు.